డిప్లొమాలో చేరే అమ్మాయికి 35 వేలలో లాప్‌టాప్: కొత్తదా, కంపెనీ నుంచి వచ్చిన పాతదా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అమ్మాయి పదో తరగతి పాసై పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ బ్రాంచిలో చేరుతోంది. వాళ్లది ఖమ్మం. బడ్జెట్ 35 వేలు, తప్పదంటే 40. ఊళ్లో ఒక షాపులో "ఐ7 సెకండ్‌హ్యాండ్, 22 వేలు" అంటున్నారు. స్టిక్కర్ మీద 6600యూ అని ఉంది. బావమరిదేమో ఈఎంఐ పెట్టి గేమింగ్ లాప్‌టాప్ తీసుకోమంటున్నాడు, నాలుగేళ్లు మళ్లీ చూసుకోనక్కర్లేదని.

అన్నా, ముందు సమాధానం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఆ ఐ7 వద్దు. గేమింగ్‌ది అసలే వద్దు. కంపెనీల్లో వాడి తీసేసిన బిజినెస్ మోడల్, 11వ తరం ఐ5, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, 30 వేల లోపు, జీఎస్టీ బిల్లుతో, కనీసం ఆరు నెలల వారంటీతో దొరికితే కళ్లు మూసుకుని కాదు, కళ్లు తెరిచి చూసి తీసుకోండి. ఎలా చూడాలో కింద చెప్తాను. చూసే ఓపిక గానీ, తెలిసిన మనిషి గానీ లేకపోతే కొత్తదే కొనండి. దానికీ కొన్ని గుర్తులు చెప్తాను.

నేను లాప్‌టాప్ రిపేరు పనిలోకి వచ్చి పదహారేళ్లు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అంటారు, అక్కడ ఒకరి దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు హనుమకొండలో చిన్న షాపు నడుపుతున్నాను. అమ్మేది తక్కువ, బాగుచేసేది ఎక్కువ. అందుకని నేను చెప్పేది రివ్యూలు చదివి చెప్పేది కాదు, నా బల్ల మీదికి వచ్చే శవాలను చూసి చెప్పేది.

ఆ శవాలు చెప్పే మొదటి సంగతి: పిల్లల లాప్‌టాప్ ప్రాసెసర్ పాతబడి పోవడం నేను పెద్దగా చూడలేదు. ఎక్కువగా పోయేది హింజ్ దగ్గర. మూతను, కింది భాగాన్ని కలిపే ఆ ఇనుప కీలు ఉంటుంది చూడండి, అదే. తక్కువ ధర ప్లాస్టిక్ లాప్‌టాప్ విప్పి చూస్తే ఆ హింజ్ స్క్రూలు దిగేది శనగగింజంత ఇత్తడి నట్లలోకి. ఆ నట్లను ప్లాస్టిక్ గుంజల్లో వేడి చేసి నొక్కి ఉంటారు. అంతే, ఇంకే ఆధారం లేదు. ఏడాది గడిచేసరికి హింజ్ బిగుసుకుంటుంది. పిల్లలు మూతను మధ్యలో పట్టుకుని తెరవరు, కుడి మూల పట్టి లాగుతారు. బలమంతా ఒక పక్కకే పోతుంది. ఒకరోజు టిక్కుమంటుంది. ఇత్తడి నట్టు ప్లాస్టిక్ ముక్కతో సహా ఊడి వస్తుంది. అప్పుడైనా తెస్తే బాగు. తేరు. మూల కొంచెం నోరు తెరిచినా పనిచేస్తోందిగా అని ఇంకో నెల వాడతారు. ఈలోగా లేచిన హింజ్ స్క్రీన్‌ను కింది నుంచి నొక్కి పగలగొడుతుంది, లేదంటే స్క్రీన్ కేబుల్ తెగుతుంది. రెండు వేల రిపేరు ఎనిమిది వేలు అవుతుంది. ఫెవిక్విక్, ఎం-సీల్ పూసి తెచ్చిన వాటినైతే లెక్కపెట్టడం మానేశాను. దయచేసి పూయకండి, విప్పడానికే గంట పడుతుంది.

బిజినెస్ మోడళ్లలో, అంటే డెల్ లాటిట్యూడ్, లెనోవో థింక్‌ప్యాడ్, హెచ్‌పీ ప్రోబుక్, ఎలైట్‌బుక్ లాంటి వాటిలో, చాలావరకు ఈ హింజ్ లోహపు ఫ్రేముకు బిగించి ఉంటుంది. కీబోర్డు మీద కాస్త నీళ్లు పడినా వెంటనే మదర్‌బోర్డు దాకా దిగకుండా ఏర్పాటు ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు వాటి ధర డెబ్బై, ఎనభై వేలు, ఆ పైన కూడా. కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి మొత్తంగా తీసేస్తాయి. మనం సెకండ్‌హ్యాండ్‌లో కొనేది ఆ బలాన్నే. పదహారేళ్ల పిల్ల బస్సులో రోజూ మోసుకుపోయే వస్తువుకు నేను మొదట చూసేది ఇదే.

ఇప్పుడు ఆ 6600యూ సంగతి. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారే, అది. ఐ7-6600యూ 2015లో వచ్చింది. దాంట్లో రెండే కోర్లు (ప్రాసెసర్ లోపల పనిని పంచుకుని చేసే భాగాలు). 12వ తరం ఐ3-1215యూలో ఆరు కోర్లు ఉంటాయి, పైగా ఒక్కో కోరు వేగం కూడా ఎక్కువ. ఐ3, ఐ5, ఐ7 అన్నది ఒకే తరంలో పోల్చుకోవడానికి పనికొస్తుంది గానీ తరాలు మారితే దానికి అర్థం లేదు. ఇంకో చిక్కు, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ తరం నుంచే అధికారికంగా అనుమతి. షాపతను 6వ తరం మీద కూడా విండోస్ 11 వేసి చూపిస్తాడు, అడ్డదారిలో వేయొచ్చు, నేనూ వేసిచ్చాను అడిగినవాళ్లకు. కానీ పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఇది నడుస్తుందా ఆగుతుందా అన్న టెన్షన్ మీదే. 22 వేలు పెట్టి పదేళ్లు దాటిన మెషీన్ కొనడం ఎందుకు?

తరం ఎలా తెలుస్తుందంటారా? ఇంటెల్‌లో గీత తర్వాత వచ్చే అంకెలు చూడండి. 6600 అంటే 6వ తరం, 8350 అంటే 8వది, 1135 అంటే 11వది, 1215 అంటే 12వది. ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీ చేసే రైజన్ ప్రాసెసర్ల దగ్గర ఇంకో మాయ ఉంది, ఇది చాలామంది షాపువాళ్లకే తెలియదు. 7000 సిరీస్‌లో తరం చెప్పేది మొదటి అంకె కాదు, మూడో అంకె. 7520యూలో మూడో అంకె 2, అంటే లోపల ఉన్నది జెన్ 2 (ఏఎండీ పాత డిజైన్) కోర్లు, అవీ నాలుగే. 7530యూలో మూడో అంకె 3, జెన్ 3, ఆరు కోర్లు. రెండింటి మీదా రైజన్ 5 అనే ఉంటుంది, రెండూ 7 తోనే మొదలవుతాయి. పక్కపక్కన పెడితే మూడు నాలుగు వేలు తక్కువని 7520 పట్టుకెళ్లేవాళ్లు ఎందరో. పైగా 7520యూ లాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, రేపు పెంచుకుందామంటే కుదరదు.

ర్యామ్ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈమధ్య నా సలహా మార్చుకున్నది ఇక్కడే. ఇదివరకు "8 జీబీది తీసుకోండి, ఖాళీ స్లాట్ ఉందో లేదో చూసుకోండి, రెండో ఏడు ఇంకో 8 వేసుకుందాం" అనేవాణ్ణి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా ఎక్కాయి. మెమరీ తయారుచేసే కంపెనీలు ఏఐ డేటా సెంటర్ల వైపు మళ్లడంతో మన లాంటి వాళ్లకు వచ్చే సరుకు తగ్గింది. ఇప్పుడు తర్వాత వేసుకుందాం అనుకునే లెక్క తప్పుతోంది. అందుకని ముందే 16 ఉన్నది చూడమంటున్నాను. పాత బిజినెస్ మోడళ్లు లాభం అనడానికి ఇదొక కారణం, అవి ధరలు పెరగకముందు నింపిన ర్యామ్‌తో వస్తాయి.

16 అవసరమా అంటే, మొదటి ఏడాది కాదు. సి ప్రోగ్రామింగ్, పైథాన్, జావా, మైఎస్‌క్యూఎల్, విజువల్ స్టూడియో కోడ్, ఇవన్నీ 8 జీబీలో నడుస్తాయి. (చాలా ల్యాబుల్లో ఇంకా ఆ నీలం తెర టర్బో సి మీదే నేర్పిస్తున్నారు, 1990ల నాటిది. అది నడవడానికి చేతి గడియారం చాలు.) కానీ ఆఖరి ఏడాది ప్రాజెక్టు అనగానే సగంమంది ఆండ్రాయిడ్ యాప్ చేస్తామంటారు. యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోను ఎమ్యులేటర్‌తో (తెర మీదే నడిచే ఉత్తుత్తి ఫోన్) కలిపి నడపాలంటే గూగుల్ 16 జీబీ ఉండాలంటుంది. పక్కన క్రోమ్‌లో పదిహేను ట్యాబులు, యూట్యూబ్‌లో పాఠం. 8 జీబీ ఉంటే మౌస్ కూడా కదలదు అప్పుడు.

16 జీబీ ఒకే స్టిక్‌గా కాకుండా 8, 8 రెండు స్టిక్‌లుగా ఉంటే ఇంకా మంచిది. 11వ తరం ఐ5లో ఉండే ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ రెండు స్టిక్‌లు ఉంటేనే పూర్తి వేగంతో పనిచేస్తుంది. ఒక్కటే ఉంటే విండోస్‌లో దాని పేరు కూడా యూహెచ్‌డీ అని మారిపోతుంది. షాపులో టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ఆ పేరు కనిపిస్తుంది. అమ్మాయికి అప్పుడప్పుడు చిన్న ఆటలు ఆడుకోవాలన్నా ఇది చాలు.

కొత్తది కొనేటప్పుడు ఒక్క మాట మాత్రం గుండెల మీద రాసుకోండి: ఈఎంఎంసీ (ఎస్ఎస్‌డీ బదులు బోర్డుకే అతికించే చవక, నెమ్మది స్టోరేజీ) అని రాసి ఉంటే ముట్టుకోకండి. కరోనా ఏడాది ఆన్‌లైన్ క్లాసులని మా వీధిలో ఒకాయన కొడుక్కి చవకగా వస్తోందని 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ, సెలెరాన్ ప్రాసెసర్ ఉన్నది కొన్నాడు. ఎనిమిది నెలలకు నా దగ్గరికి వచ్చింది. విండోసే సగం చోటు తినేసింది, అప్‌డేట్ దిగడానికి చోటు లేదు, అప్‌డేట్ కాకపోతే ఊరుకోదు. విప్పి చూస్తే ర్యామ్, స్టోరేజీ రెండూ బోర్డుకే అతికించి ఉన్నాయి, ఎస్ఎస్‌డీ పెట్టే స్లాట్ కూడా లేదు. నేను చేయగలిగింది ఏమీ లేక టీ ఇప్పించి పంపాను. ఆయన పెట్టిన పద్దెనిమిది వేలకు అప్పట్లో మంచి సెకండ్‌హ్యాండ్ థింక్‌ప్యాడ్ వచ్చేది.

కాబట్టి కొత్తదే అయితే: ఐ3-1215యూ లేదా 1315యూ, లేదా రైజన్ 5 7530యూ, 512 జీబీ ఎన్‌వీఎంఈ (వేగంగా నడిచే రకం) ఎస్ఎస్‌డీ, ర్యామ్ స్లాట్ కనీసం ఒకటి విప్పి మార్చుకునేలా, స్క్రీన్ ఫుల్ హెచ్‌డీ. 16 మంచిదే గానీ కొత్తదాంట్లో మీ బడ్జెట్‌కు ర్యామ్ 8 జీబీనే వస్తుంది, మొదట్లో పర్వాలేదు, స్లాట్ ఉంటే ఖర్చైనా తర్వాత పెంచుకోవచ్చు. కొత్తదానితో ఎక్స్‌టెండెడ్ వారంటీ అమ్మచూస్తారు. దానికంటే యాక్సిడెంటల్ డ్యామేజ్ కవర్ అని విడిగా ఉంటుంది, కింద పడటం, నీళ్లు పడటం లాంటివి వస్తాయి. పిల్లల విషయంలో డబ్బు పెడితే దాని మీదే పెట్టండి. కొన్న కొత్తలోనే తీసుకోవాలి, తర్వాత ఇవ్వరు.

క్రోమ్‌బుక్ (విండోస్ కాకుండా గూగుల్ క్రోమ్‌ఓఎస్ మీద నడిచే లాప్‌టాప్) గురించి ఎవరైనా చెప్తే: స్కూలు పిల్లలకు మంచిదే, డిప్లొమా కంప్యూటర్స్‌కు కాదు.

ఇక పాత బిజినెస్ మోడల్ ఎలా చూసి తేవాలి. నేను మునిగిన సంగతి ముందు చెప్తాను, దానివల్ల నేర్చుకున్నదే కాబట్టి. 2022లో ఒక వ్యాపారి దగ్గర పది లాప్‌టాప్‌లు లాటుగా కొన్నాను. అన్నీ ఆన్ అవుతున్నాయి, మెరుస్తున్నాయి. షాపుకు తెచ్చి విండోస్ కొత్తగా వేసి వైఫై కలపగానే నాలుగింటిలో ఏదో కంపెనీ పేరుతో స్వాగతం వచ్చింది, ఆ కంపెనీ ఈమెయిల్, పాస్‌వర్డ్ పెట్టమని. పాత కంపెనీ తన జాబితాలోంచి ఆ మెషీన్లను తీయలేదన్నమాట. ఆ తాళం హార్డ్‌డిస్క్‌లో ఉండదు, ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా పోదు. నెట్ లేకుండా సెటప్ చేసి దాటేయొచ్చు గానీ రేపు పిల్ల రీసెట్ కొడితే మళ్లీ అదే తెర. వ్యాపారి ఫోనెత్తలేదు. ఆ నాలుగూ స్పేర్ పార్టులయ్యాయి.

అందుకని షాపులో కూర్చుని, సిగ్గుపడకుండా, మీ ఎదురుగా విండోస్ రీసెట్ చేయించి మీ ఫోన్ హాట్‌స్పాట్ కలిపి మొదటి తెర ఏమడుగుతుందో చూడండి. అరగంట పడుతుంది. వద్దంటే లేచి వచ్చేయండి. రీసెట్ అవుతుండగా మిగతావి చూడొచ్చు: ఛార్జర్ మీద 65 వాట్లు ఉందా, పోర్టులు ఒంగి ఉన్నాయా, అడుగున స్క్రూలన్నీ ఉన్నాయా. తర్వాత మళ్లీ ఆన్ చేసేటప్పుడు డెల్‌లో ఎఫ్2 (హెచ్‌పీలో ఎఫ్10, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1) నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి, వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగితే వద్దు. అడగకపోతే అక్కడ కనిపించే సీరియల్ నంబరు, అడుగున స్టిక్కర్ మీది నంబరు ఒకటేనా చూడండి. తేడా ఉంటే బోర్డో, అడుగు మూతో మారిందని అర్థం.

విండోస్ వచ్చాక బ్యాటరీ చూడండి. స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి టెర్మినల్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే ఒక ఫైలు తయారవుతుంది. దాంట్లో డిజైన్ కెపాసిటీ అని ఒక అంకె, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని ఇంకో అంకె ఉంటాయి. రెండోది మొదటిదాంట్లో డెబ్బై శాతం కంటే తక్కువుంటే కొత్త బ్యాటరీ వేసివ్వమనండి, లేదా రెండున్నర, మూడు వేలు తగ్గించమనండి. బేరం ఆడటానికి ఆ కాగితం మీ చేతిలో ఆయుధం. కీబోర్డుకు నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి మీటా కొట్టి చూడటమే మార్గం, ఎంటర్, స్పేస్, బ్యాక్‌స్పేస్ మర్చిపోకుండా. ఎస్ఎస్‌డీ ఆరోగ్యం చూడటానికి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. దాంతో యూఎస్‌బీ పోర్టులు కూడా చూసినట్టవుతుంది.

స్క్రీన్ విషయంలో ఒక జాగ్రత్త. కంపెనీలు మొత్తంగా కొనేటప్పుడు పొదుపు కోసం కొన్నిసార్లు 1366×768 స్క్రీన్‌తో కొంటాయి. ప్రాసెసర్ బాగుందని తెచ్చుకుంటే కోడు రాసేటప్పుడు తెర మీద ఇరవై లైన్లే కనిపిస్తాయి. మూతను బాగా వెనక్కి వంచి తెరను కింది వైపు నుంచి చూడండి, రంగులు తిరగబడి నెగటివ్‌లా కనిపిస్తే అది చవక ప్యానెల్. 1920×1080 ఐపీఎస్ (ఏ పక్క నుంచి చూసినా రంగులు మారని ప్యానెల్) అని అడిగి తీసుకోండి. పేర్లు కావాలంటే లాటిట్యూడ్ 5420, ప్రోబుక్ 440 జీ8, ఎలైట్‌బుక్ 840 జీ8, వీటిలో ర్యామ్ స్లాట్లు రెండేసి ఉంటాయి, నాకు విప్పడానికీ సులువు. చివరి మాట స్వార్థమే అనుకోండి, కానీ విప్పడానికి సులువైతే మీకు రిపేరు బిల్లూ తక్కువే.

బావమరిది మాట తీసేయలేరని తెలుసు. ఇలా చెప్పండి: విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న కొత్త లాప్‌టాప్ మీ బడ్జెట్‌కు ఒకటిన్నర రెట్లకు పైనే, ఛార్జర్‌తో కలిపి మూడు కిలోలకు దగ్గర, బ్యాటరీ రెండు మూడు గంటలు. క్లాసులో ప్లగ్గు పాయింటు పక్క సీటు కోసం రోజూ పోటీ పడాలి. నో కాస్ట్ ఈఎంఐ అన్నా వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు పడతాయి. అమ్మాయి రేపు త్రీడీ, గేమ్ డిజైన్ వైపు వెళ్తే అప్పుడు కొనొచ్చు, అప్పటికి ఏం కావాలో తనకే తెలుస్తుంది.

మిగిలిన డబ్బులో వెయ్యి, పన్నెండొందలు బ్యాగుకు పెట్టండి, లాప్‌టాప్‌కు విడి అర ఉన్నది. నవ్వుకోకండి. నా దగ్గరికి వచ్చే పగిలిన స్క్రీన్లలో చాలావాటి మీద మధ్యలో గుండ్రని ముద్ర ఉంటుంది, స్టీలు టిఫిన్ డబ్బా అడుగు సైజులో. బస్సులో వెనకవాళ్లు నెట్టగానే డబ్బా మూతను నొక్కుతుంది. పోయినేడు ఒక అబ్బాయి లాప్‌టాప్ విప్పితే లోపలంతా పెరుగు, పోపు గింజలతో సహా. డబ్బా వేరే సంచిలో, లాప్‌టాప్ వేరే సంచిలో. ఇంట్లో మంచం మీద, దుప్పటి మీద పెట్టి వాడనివ్వకండి, అడుగున గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. మీ ఖమ్మం ఎండలకు అది అసలే ఓర్చుకోదు. ఛార్జర్ పోతే ఆరొందల డూప్లికేటు కొనకండి, దానివల్ల బోర్డు మీద ఛార్జింగ్ ఐసీ పోయినవి నెలకు రెండైనా వస్తాయి. టైప్-సీతో ఛార్జ్ అయ్యే మోడల్ అయితే ఈ బాధ తక్కువ, మంచి కంపెనీ 65 వాట్ల టైప్-సీ ఛార్జర్ ఏదైనా సరిపోతుంది.

ఇది చదివే ఇంటర్ తల్లిదండ్రులకు ఒక పక్కమాట. పిల్లల్ని రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో వేస్తుంటే ఇప్పుడు కొనకండి. చాలాచోట్ల హాస్టల్లోకి ఫోనే రానివ్వరు, లాప్‌టాప్ సంగతి చెప్పేదేముంది. బీరువాలో రెండేళ్లు పడుకుని బ్యాటరీ ఉబ్బిన కొత్త లాప్‌టాప్‌లు నేను చూశాను. ఈఏపీసెట్, జేఈఈ మెయిన్ కంప్యూటర్ మీద రాసేవే కాబట్టి మౌస్ అలవాటు కావాలంటే సెలవుల్లో ఇంటి పక్క నెట్ సెంటరో, చుట్టాల డెస్క్‌టాపో చాలు. కౌన్సెలింగ్ అయ్యి ఏ బ్రాంచి వచ్చిందో తేలాక కొనండి. సివిల్‌కు కావలసినది వేరు, సీఎస్ఈకి కావలసినది వేరు.

ఖమ్మంలో ఏదైనా నచ్చితే డబ్బు కట్టే ముందు అడుగున ఉన్న స్టిక్కర్, బ్యాటరీ రిపోర్టు ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి, రాత్రి షాపు మూశాక చూసి చెప్తాను. సీరియల్ నంబరు మీద మాత్రం వేలు అడ్డం పెట్టి తీయండి.